గిటారు లేని బృందం

చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె జరుపుతుండగా కమురు వాసన వచ్చింది. గుడ్డ మాడిందేమోనని అతను పెట్టె ఎత్తి చూశాడు. చొక్కా శుభ్రంగానే ఉంది. పెట్టె అంచుకు ఆనుకుని మాడింది తన ఎడమచేతి చిటికెనవేలు. నొప్పి లేదు. నొప్పి లేదని తెలిసేసరికి గుండె జారిపోయింది.

లాండ్రీ నిండా ఆవిరి, ఎవరూ చూడలేదు. వేలిని చన్నీళ్ళ కింద పెట్టి, గుడ్డపీలిక చుట్టి, మిగిలిన చొక్కాలు పూర్తి చేశాడు. కొన్నాళ్ళుగా ఆ వేలూ దాని పక్కదీ పిలిచినా పలకడం లేదు. భార్యకు చెప్పలేదు. చెబితే డాక్టరు దగ్గరకు లాక్కెళ్తుంది. ఆయన వాయించడం మానమంటాడు. సాయంత్రం రికార్డింగు అయ్యేదాకా ఆ మాట ఎవరి నోటా రాకూడదు.

వాళ్ళ రాక్ బృందంలో గిటారు లేదు. డ్రమ్స్ బావమరిదివి, తక్కినదంతా ఇతని కీబోర్డులే. కుడిచేయి పైకీబోర్డు మీద రాగం తీస్తుంటే, ఎడమచేయి కిందిదాని మీద మంద్రస్వరాల బేస్ మోయాలి. మొదటి ఆల్బమ్‌కి ఇక ఒక్క పాటే మిగిలింది. రికార్డులో ఒక వైపంతా నిండే పొడుగు పాట అది.

"మీ పాట మొదలయ్యాక బట్టలుతికి, ఆరేసి, మడతపెట్టి కూడా రావచ్చు," అని భార్య నవ్వేది. అయినా అతను సాధన చేసేటప్పుడు ఇంట్లో రేడియో పెట్టేది కాదు.

సాయంత్రం స్టూడియోలో పీలిక విప్పి జేబులో వేసుకున్నాడు. అద్దం వెనక రికార్డిస్టు చెయ్యి ఎత్తాడు. మొదలుపెట్టాడు.

సగం దాకా వేళ్ళు మాట విన్నాయి. పాట నెమ్మదించి, బేస్ ఒక్కసారిగా లోతుకు దిగే చోట చిటికెనవేలు కదల్లేదు. రాగం కింద గొయ్యి తీసినట్టు ఖాళీ. కుడిచేతిని రాగం మీంచి లాగేసి కిందికి తెచ్చాడు. బావమరిది తలెత్తి చూశాడు. ఏమీ అడక్కుండా, రాగం పోయిన చోటంతా ఇత్తడి సింబల్స్ మోగించి నింపాడు. ఎడమచేయి మూడు వేళ్ళతోనే మళ్ళీ లేచింది. ఎలాగో చివరిదాకా చేరారు.

"అదిరింది!" అన్నాడు రికార్డిస్టు. "మధ్యలో ఆ ఖాళీ భలే పెట్టారండీ."

బావమరిది దగ్గరకు వచ్చాడు.

"చెయ్యేమైంది బావా?"

"రెండు వేళ్ళకి స్పర్శ తెలియట్లేదురా. పొద్దున కాలితే కూడా తెలియలేదు. భయమేస్తోంది."

"అక్కకి తెలుసా?"

"లేదు."

బావమరిది డ్రమ్ము పుల్లల్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "పోనీ, రేపు మళ్ళీ వాయిద్దాం."

"నావల్ల కాదురా. ఇంకెప్పుడూ కాదేమో. ఇంకెవర్నైనా చూసుకో."

"గిటారువాణ్ణి తెచ్చుకోమంటావా?" అంటూ బావమరిది హెడ్‌ఫోన్స్ అందుకున్నాడు. "ముందు ఇది విను బావా."

స్టూలు మీద కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ తగిలించాడు. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. బాగుంది. తను వాయించినట్టే లేదు. నెమ్మదించే చోటు దగ్గరపడుతుంటే హెడ్‌ఫోన్స్ తీసేసి లేచాడు.

"ఇంటికెళ్ళి మీ అక్కకి చెప్తాను."

బావమరిది ఆపలేదు. ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని అతను బయటికి నడిచాడు. తలుపు మూసుకుంది.

స్టూలు మీద బోర్లా పడిన హెడ్‌ఫోన్స్‌లోంచి, దోమ రొదంత సన్నగా, పాట ఇంకా వస్తూనే ఉంది.