గండికోట దుమ్ము రంగు

మద్రాసు సినిమా కంపెనీ గండికోటలో యుద్ధం తీసినప్పుడు బట్టల పెట్టె తాళం నా దగ్గరే ఉండేది. పందొమ్మిది వందల నలభై నాటి మాట. జమ్మలమడుగులో కుట్టుమిషను మూసేసి మరీ ఆ కొలువులో చేరాను. ఈ రసూల్ సాహెబు మాటంటే మాటేనని నాకు కాస్త గర్వం కూడా.

కెమెరామన్ ఒకటే చెప్పాడు. "రంగు మారకూడదు. సగం శనివారం, సగం సోమవారం తీస్తాం. తెర మీద రెండూ ఒకే పూటగా కనబడాలి."

బొమ్మ నలుపు తెలుపుదే. అయినా తెల్లబట్ట ఎండకు మరీ మెరుస్తుందని, ఎనిమిది మంది సైనికుల అంగీలను కోట దుమ్ములో పొర్లించి ఒక రంగుకు తెచ్చాం. శనివారం సాయంత్రం వాటిని బట్టలు మోసే రాహేలమ్మ ఇంట్లో దాచమన్నాను.

సోమవారం పొద్దున మూట విప్పితే అంగీలన్నీ మల్లెపువ్వుల్లా ఉన్నాయి.

"ఉతికినావా?"

"ఉతక్కుండా ఎట్ల సాయిబన్నా? ఆదివారం మాసిన గుడ్డలు ఇంట్లో పెట్టుకోము మేము."

"బుద్ధి యాడుండాది నీకు? నా కొలువు పాయె!" అని నలుగురిలో అరిచాను. ఆమె తల వంచుకుంది.

మధ్యాహ్నానికి పాత రంగు రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు కెమెరామన్. ఆ రంగు ఏదో పోల్చి చూసుకోవడానికి ఒక్క పీలిక కూడా మిగల్లేదు.

అప్పుడు ఆమె చీర నా కంట పడింది. శనివారమంతా మాతోపాటు అదే దుమ్ములో తిరిగిన తెల్లచీర. నలుపు తెలుపులో ఏ రంగు ఎలా పడుతుందో చూసుకునే తన నీలం అద్దంలోంచి కెమెరామన్ దాన్ని చూసి, "ఇదే, ఇదే!" అన్నాడు.

రాహేలమ్మ మన్ను జల్లించి గంజిలో కలిపింది. "వట్టి నీళ్లయితే ఆరినాక రాలిపోతాది," అంది. ఒక్కో అంగీ ముంచి, ఆరబెట్టి, కొంగు పక్కన పెట్టి చూసుకున్నాం. మూడోసారికి కుదిరింది. షూటింగు మొదలైంది.

ప్రాణం కుదుటపడ్డాక అడిగాను. "అన్నీ ఉతికినదానివి, నీ చీర ఉతుక్కోలేదేమ్మా?"

"ఉండేది ఒక్క సబ్బు. మీ బట్టలకే అయిపాయె."

"మరి నిన్న చర్చికి?"

"ఇదే కట్టుకొని పోయినా. ఎవురికీ కనపడకుండా వెనకాల కూసున్యా."

నాకు తల కొట్టేసినట్టయింది. పొద్దున నా తిట్లు విన్న ఆ నలుగురినీ పిలిచి, వాళ్ల ముందే ఆమెతో తప్పయిందన్నాను.