వచ్చింది మాత్రమే అరిచే బాక్సు

నేను ఒక సౌండ్ బాక్సుని. మీరు ఫోనుతో డబ్బు కొట్టగానే "యాభై రూపాయలు అందాయి" అని వీధంతా మొత్తుకునేది నేనే. పోయిన డబ్బు గురించి అరవడం నాకు నేర్పలేదు. నేర్పితే నన్నెవడు పెట్టుకుంటాడు?

సామర్లకోట స్టేషన్ రోడ్డులో సూరిబాబు బజ్జీల బండి మీదికి చేరాను. బజ్జీ బాగా వేస్తాడు, కాదనను. బుర్రే ఖాళీ. నేను "వంద రూపాయలు అందాయి" అంటే చాలు, వందకి వందా లాభమైనట్టు మీసం దువ్వేవాడు. అందులో శనగపిండి ఎంత, నూనె ఎంత, గ్యాసు ఎంత అని ఏనాడైనా ఆలోచించాడా? రామ రామ! అమ్మకం వేరు, మిగులు వేరు అన్న ముక్క ఆ తలకి ఎక్కితే ఒట్టు.

నా అరుపులకి ఒళ్ళు తెలియక వాయిదాల మీద పెద్ద టీవీ తెచ్చాడు. ఆపైన మోటార్ సైకిలు. "నెలకి కాస్తే కదా" అంటాడు. రెండు కాస్తలు కలిస్తే ఎంతో చూసుకోవద్దూ, వెర్రి మొహం!

వాడి పెళ్ళాం నూకరత్నం గుండెలు మాత్రం పీచుపీచుమంటున్నాయి. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, కార్తీకం వెళ్ళగానే బళ్ళన్నీ లేపేస్తామని చెప్పేశారు. ఎదురుగా పాపారావు గారి కొట్టు గది ఖాళీగా ఉంది. వినాయక చవితిలోగా అడ్వాన్సు ఇస్తే వీళ్ళకే ఇస్తానన్నారు. లేదంటే ఆ కుటుంబానికి బతుకుతెరువు లేదు.

"ఆ డబ్బులు ముందు పక్కన పెట్టయ్యా" అని ఆవిడ పోరు.

"నీకెందుకే భయం? బాక్సు రోజంతా అరుస్తానే ఉంది కదా!" అని వీడి ధీమా.

చవితి ముందురోజు పాపారావు గారి ఎదుట ఠీవిగా ఫోను తీసి నొక్కాడు. ఖాతాలో డబ్బు చాలదంది ఫోను. ఆ పొద్దున్నే వాయిదాలు రెండూ వాటంతటవే జారిపోయాయి. నేను కిక్కురుమనలేదు. గది సెల్‌ఫోను కవర్లు అమ్మేవాడికి పోయింది.

సూరిబాబు వచ్చి నా మీద పడ్డాడు. "అందాయి, అందాయి అని చచ్చావు కదే, ఏవే అవి?"

నన్నడుగుతాడేం! తినేసింది తను.

నూకరత్నం కుళ్ళికుళ్ళి ఏడ్చింది. మర్నాడు కొంగు బిగించి బండి దగ్గర నిలబడింది. నేను "నలభై రూపాయలు అందాయి" అన్నానో లేదో, ఆవిడ నన్ను మించిన గొంతుతో, "అందులో ముప్ఫై పిండికీ నూనెకీ గ్యాసుకీ పోయాయి! మనకి పదే!" అని కేకేసింది. తింటున్నవాళ్ళు పొలమారేలా నవ్వారు.

"ఊరుకోవే, పరువు పోతోంది."

"పోనీ. పొయ్యి పోకుండా ఉంటే చాలు."

రోజంతా అదే వరస. ఆ పదిలోనూ సగం ముందే తీసి పోస్టాఫీసులో తన పేర వేసి, మిగిలిన దాంతోనే ఇల్లు లాక్కొచ్చింది. ఆ కేకలు విని విని చివరికి సూరిబాబే మోటార్ సైకిలు అమ్మి, దాని బాకీ తీర్చేశాడు. ఆ మాత్రం బుద్ధి రావడానికి ఊరంతా నవ్వాలా?

కార్తీకం వెళ్ళకముందే వెనక సందులో చిన్న గదికి అడ్వాన్సు కట్టేశారు. ఆ తాళంచెవి చేతిలో పడగానే సూరిబాబు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ సంతోషమేసింది, అబద్ధమెందుకు.

గదిలో సామాను సర్దుకున్నాక ఇద్దరూ కూచుని, నెలనెలా ఏది ఎటు పోతోందో ఫోనులో చూస్తున్నారు. నూకరత్నం వేలు ఒకచోట ఆగింది.

"ఇదేంటయ్యా, ప్రతి నెలా పోతానే ఉంది?"

"అదా? ఈ బాక్సు అద్దె."

"దీనికి అద్దె కూడానా! డబ్బు పడిందో లేదో ఫోను చూసుకుంటే చాలదూ?"

ఆవిడ నా వైరు పీకి, కంపెనీవాళ్ళకి తిప్పి పంపించేసింది. ఇప్పుడు వాళ్ళ గోడౌనులో నాలాంటి బాక్సుల గుట్టలో పడి ఉన్నాను. మనుషుల తెలివితక్కువ ఖర్చుల్ని చూసి ఇన్నాళ్ళూ వెక్కిరించాను కదా, ఆ ఇంటి దండగ ఖర్చుల్లో నేనూ ఒకదాన్నని ఒక్కసారీ అరవలేదు.