గుండీల గదిలో నవల

గుండీలు కుట్టే గదిలో ఒకరు చదువుతారు, మిగతావాళ్లు కుడతారు. చదివే మనిషి వాటా చొక్కాలను అందరూ పంచుకుంటారు. ఈ నెల చదివేది చిన్నది. ఆమె అక్క అదే గదిలో కుడుతుంది. ఇద్దరూ పనిచేస్తేనే ఇల్లు గడుస్తుంది.

నవలలోది నూరేళ్ల కిందటి కథ. గడ్డి మైదానం మధ్య ఒకే వీధి ఉన్న ఊరు. తండ్రి పోయాక ముగ్గురు అక్కచెల్లెళ్లు పిండిమర నడుపుతారు. అమ్మెయ్యమంటారు ఊరి పెద్దలు. నిన్న చదివిన చోట వాళ్లలో రెండో ఆమె మర తలుపుకు అడ్డంగా నిలబడింది. అది వింటూ అక్క ఒక చొక్కాకు కాజాల మీద కూడా గుండీలు కుట్టేసింది.

పొద్దున్నే సూపర్‌వైజర్ ఆ చొక్కా పట్టుకొచ్చాడు.

"దీన్ని ఎవడు తొడుక్కుంటాడమ్మా?"

"గుండీలు తక్కువయ్యాయని మాత్రం ఎవరూ అనరు సార్," అంది అక్క.

అందరూ నవ్వారు. అతను చిన్నదాని వైపు తిరిగాడు.

"చదువు బంద్. పుస్తకమో, పనో తేల్చుకో."

"తప్పు నాదైతే దాన్నంటారేంటి?"

"చదివింది ఈ అమ్మాయేగా!"

చిన్నది పుస్తకం తీసుకుని బయటికి నడిచింది. అక్క చేతిలో సూది ఆగిపోయింది. చిన్నది కిటికీ అవతల మెట్ల మీద కూర్చుని, నిన్న ఆపిన చోటి నుంచి గొంతెత్తి చదవడం మొదలుపెట్టింది.

సూపర్‌వైజర్ కిటికీ మూశాడు. అక్క లేచి తెరిచింది. అతను మళ్లీ మూశాడు. దారాలు కత్తిరించే పెద్దమ్మ తెరిచింది. ఈసారి మూసి, రెక్కలకు వీపు ఆనించి నిలబడ్డాడు. అందరూ సూదులు కింద పెట్టారు.

"ఏంటిది?"

"వినపడట్లేదు నాయనా," అంది పెద్దమ్మ. "చెవులాడితేనే నా చేతులాడతాయి."

"సాయంత్రానికి సరుకు వెళ్లాలి!"

"వెళ్తుంది. దాని వాటా కూడా మేమేగా కుట్టేది. నువ్వెప్పట్నుంచి కిటికీ కాపలాకి చేరావు?"

వాకిట్లో లారీ హారన్ కొట్టింది. డ్రైవర్ ఎవరినో కేకేశాడు. ఒక్కరూ సూది ముట్టలేదు.

సూపర్‌వైజర్ వెనక్కి తిరిగి, తనే కిటికీ తెరిచాడు.

"సరే, లోపలికొచ్చి ఏడువు. చదువుకో."

చిన్నది తలెత్తలేదు.

"ఉండండి సార్. మర అమ్మేది లేదని ముగ్గురిలో పెద్దామె చెప్పబోతోంది. అది అయ్యాక వస్తా."