పెత్రమాస బియ్యం

పెత్రమాస నాడు పొద్దెక్కినా పంతులు రాలేదు. రాంగోపాల్‌పేట ఇంట్లో పర్వతాలు తలంటుకుని, తెల్లపంచె కట్టి, చాటలో బియ్యం, పప్పు, బీరకాయలు, చింతపండు పెట్టుకుని కూర్చున్నాడు. పోయిన పెద్దల పేర్లు చెప్పి ఆ బియ్యం పంతులుకు ఇచ్చేదాకా, ఎనభై దాటిన ఆ మనిషి పచ్చి మంచినీళ్ళు ముట్టడు.

"జెర ఫోన్ కొట్టు బిడ్డా. గిప్పుడు పంతుళ్ళు సుత యాప్‌ల దొరుకుతరట, మనోడు గూడ అండ్ల పడ్డడేమో," అన్నాడు.

పెత్రమాసకని సైనిక్‌పురి నుంచి వచ్చిన కూతురు సుమిత్ర ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్ళింది. దుర్గేష్ పంతులు వెంటనే ఎత్తాడు.

"నేను రాలేనమ్మా. మీరన్న మాట మా రాధికక్క నాకు చెప్పింది. నిజమో కాదో నాకు తెల్వదు. విన్నంక మీ బియ్యం ఎట్ల పట్టాలె? ఒక్క రక్తమైతే దానం చెల్లదు గదా. నాయనగారికి ఏదన్న సాకు చెప్పండి."

సుమిత్ర ఫోన్ పెట్టేసింది. తాత లక్ష్మయ్య, గుళ్ళో పూలు కట్టే నర్సమ్మ కొడుకు. ఆయనవన్నీ ఆ గుడి పూజారి పోలికలేనని మేనత్త ఒకసారి నోరు జారింది. అది పట్టుకుని సుమిత్ర వంశవృక్షం మొదలుపెట్టింది, తన ఉమ్మిని డీఎన్ఏ పరీక్షకు పంపింది. సరదాకు అదే పరీక్ష చేయించుకున్న రాధిక పేరు ఫలితాల్లో చుట్టంగా వచ్చింది. ఆమె ఆ పూజారి మునిమనవరాలు. తన అనుమానం రుజువైందన్న సంబరంలో తండ్రికి చెప్పకుండా రాధికకే ఫోన్ చేసింది. ఇన్నేళ్ళుగా తమ బియ్యం అందుకుంటున్నది ఆ ఇంటివాళ్ళేనన్న సంగతి అప్పుడు తట్టనే లేదు.

"ఏమన్నడు?"

"జ్వరమట నాయినా. మోండా మార్కెట్ కాడి గుళ్ళె ఇద్దాం పా."

"వేరేటోళ్ళకా? మా నాయిన పోయేటప్పుడు చెయ్యి పట్టుకోని చెప్పిండు, ఆ ఇంటికి బియ్యం తప్పొద్దని. ఎందుకని నేను అడగలే."

సుమిత్ర గుమ్మంలోనే ఆగింది. అంటే లక్ష్మయ్యకు తన పుట్టుక సంగతి తెలుసు. తెలిసీ నోరెత్తలేదు, ఏటా ఆ గడపకు తన ఇంటి బియ్యం పంపుకున్నాడు. ఆ దారి ఇప్పుడు తను మూసేసింది.

"జ్వరం కాదు నాయినా," అని జరిగిందంతా చెప్పింది.

పర్వతాలు బీరకాయలను ఒకదాని పక్కన ఒకటి సర్దాడు.

"పరీక్షకు ఉమ్మి పంపినవ్. నన్నొక మాట అడుగనీకె నోరు రాలేదా?"

పెద్దల పేరు మీద తీసిన బియ్యం మళ్ళీ డబ్బాలో పోయకూడదు. ఇద్దరూ ఆటోలో మోండా మార్కెట్ గుడికి వెళ్ళారు. గుళ్ళో వరుస చాంతాడంత ఉంది. తమ వంతు రాగానే అక్కడి పంతులు పర్వతాలు అరచేతిలో నువ్వులు వేసి నీళ్ళు పోశాడు.

"తండ్రి పేరు?"

"లక్ష్మయ్య."

"తాత పేరు?"

నర్సమ్మ భర్త అయిన ఆ తాత పేరే ఆయనకూ పెట్టారు. ఇన్నేళ్ళలో ఏనాడూ తడుముకోని పర్వతాలు కూతురి వైపు తిరిగాడు.

"చెప్పు బిడ్డా. ఎవలి పేరు చెప్పాలె?"

"జల్ది కానియ్యి పెద్దాయనా!" అన్నారు వెనక నుంచి.

"పర్వతాలు," అంది సుమిత్ర.

పంతులు ఆ పేరు చదివి, తిరిగి అనమన్నాడు. ఆయన అనలేదు. నీళ్ళు వదలమంటే చెయ్యి వంచలేదు. సుమిత్ర చూస్తుండగానే ఆ నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి.