రొట్టెల బీరువా మీద అక్షరం

వెస్ట్‌మోర్లాండ్ కొండల్లో ఫాదర్‌గిల్ వాళ్ళ వంటింటి గోడలో ఓక్ చెక్క రొట్టెల బీరువా ఉంది. ఇల్లు కట్టేటప్పుడే దిగ్గొట్టారు. కదిలించాలంటే గోడ పడగొట్టాల్సిందే. దాని నెత్తిన తీగలూ పూలూ, మధ్యలో మూడక్షరాలు. పైన ఇంటిపేరుది, కింద మైల్స్‌దీ, అతని పెళ్ళాం ఆగ్నెస్‌దీ. ఇల్లు కట్టిందీ, ఇవి చెక్కించిందీ వాళ్ళ పెళ్ళయిన ఏడే.

ఆగ్నెస్ పోయి మూడేళ్ళు. రెండో పెళ్ళాం ఇసబెల్ వచ్చి ఏడాది. రొట్టె తీసినప్పుడల్లా సవతి అక్షరం ఆమె కళ్ళలో గుచ్చుకుంటుంది. మైల్స్ సంతకెళ్ళిన రోజు చూసి, అది తీసేసి తన అక్షరం చెక్కమని అతని మేనమామ లాన్స్‌ని పిలిపించింది. ఆ బీరువా చెక్కిన వడ్రంగి ఆయనే.

"అప్పుడు పచ్చి చెక్క, వెన్నలా తెగింది. ఇప్పుడు మా ఆవిడ మొహంలా బిగుసుకుపోయింది" అన్నాడు లాన్స్ ఉలి నూరుతూ.

"వేళాకోళాలు చాలు మావయ్యా. నేనీ ఇంటి కోడల్నా, పనిమనిషినా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "మరి మాలీ సంగతేంటే?"

మాలీ ఆగ్నెస్ తల్లి. కళ్ళు పోయాయి, మనుషుల గొంతులూ గుర్తుండట్లేదు. వెళ్ళే చోటు లేక ఇక్కడే ఉంటోంది. ఆకలేస్తే బీరువా తడిమి, కూతురి అక్షరం వేలికి తగిలాకే రొట్టె తీసుకుంటుంది.

"అవ్వకి నేను చెప్పుకుంటాలే."

చెప్పలేదు. మాలీ పక్కింట్లో కబుర్లాడి వచ్చేలోగా పని అయిపోయింది. ఇసబెల్ తన అక్షరాన్ని నిమిరి మురిసిపోయింది.

మాలీ వచ్చి బీరువా తడిమింది. వేళ్ళు తీగ వెంట పాకి ఆగాయి. మళ్ళీ మొదట్నుంచి తడిమింది. మూడోసారి చెయ్యి వెనక్కి లాక్కుని శాలువా సర్దుకుంది.

"తప్పయిపోయింది తల్లీ, ఎవరింట్లోనో దూరాను. ఫాదర్‌గిల్ వాళ్ళిల్లు ఎటో చూపిస్తావా?"

"ఇదే అవ్వా!"

"ముసల్దాన్ని ఆటపట్టించకమ్మా. మా ఇంట్లో మా పిల్ల అక్షరం ఉంటుంది. ఇంతకీ నీ పేరేంటి?"

ఇసబెల్ కొత్త అక్షరాన్ని అరచేత్తో కప్పేసింది. ఊరందర్నీ ఏడిపించే లాన్స్ తలెత్తకుండా చెక్కపేళ్ళు ఏరుకుంటున్నాడు.

మాలీ అప్పటికే గడప దాటి వానలోకి వెళ్ళిపోయింది. ఇసబెల్ పరిగెత్తి చెయ్యి పట్టుకుంది. "రా అవ్వా, నేను తీసుకెళ్తా" అంటూ గొర్రెల దొడ్డి చుట్టూ ఒక తిప్పు తిప్పి, మళ్ళీ అదే గుమ్మంలోంచి లోపలికి తెచ్చింది.

"హమ్మయ్య" అంది మాలీ. బీరువా వైపు చెయ్యి చాచింది.

ఇసబెల్ ఆ చేతిని మధ్యలోనే పట్టుకుంది. ఇక వదల్లేకపోయింది.