నల్లా దాకా

ఫజలుద్దీన్ కుడిచేతి బొటనవేలు చూస్తేనే నౌషీన్ ముఖం తిప్పుకునేది. తినేటప్పుడు కూడా ఆ వేలు ఆగదు. కోడిమాంసం తుంచుతుంది, ఆ కొవ్వుతోనే ఫోన్ అద్దాన్ని పైకి నెడుతుంది, మళ్లీ పళ్లెంలోకి దిగుతుంది. అద్దం మీద ఆరిన పసుపు చారికల వెనక ఎవరెవరి ముఖాలో నవ్వుతుంటాయి. మక్కా హోటల్ గదిలో ముగ్గురూ ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చునేవాళ్లు. ఆ వేలు తగలని మూల ఏదా అని వెతుక్కుంటూ నౌషీన్ రోజూ సగం ఆకలితోనే లేచేది.

ఫజలుద్దీన్ ఆమెకు చాచా, నాన్నకు తమ్ముడు. హుస్నాబాద్‌లో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతాడు. తల్లి బిస్మిల్లా బీని ఉమ్రా యాత్రకు తీసుకుపోతున్నానని దుకాణం ముందు ఫ్లెక్సీ కట్టించాడు. అందులో ఆయన ముఖం గుమ్మడికాయంత, తల్లి ముఖం నిమ్మకాయంత. ముసలామె చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఒకరు కావాలి కాబట్టి, పదో తరగతి పరీక్షలు రాసి ఊళ్లో ఖాళీగా ఉన్న మనవరాలు నౌషీన్‌ను వెంట తెచ్చారు. నలుగురి ముందు నోరు తెరవాలంటే నాలుక మడతపడే పిల్ల. బడిలో హాజరు పిలిచినా చెయ్యెత్తేదే తప్ప గొంతు వినిపించేది కాదు.

అలాంటి పిల్ల కూడా జెద్దాలో విమానం దిగిన రోజు ధైర్యం చేసి ఒక మాట అడిగింది.

"చాచా, నా ఫోన్ల గూడ ఇక్కడి సిమ్ము ఒకటి ఏపిద్దామా?"

ఫజలుద్దీన్ పకపకా నవ్వాడు. "సెల్ దుకాణపోని ఇంట్ల పుట్టి సిమ్ము బయట కొంటవా? మన ఇజ్జత్ ఏమైతది? నా తాన ఫారిన్ ప్యాక్ ఉంది. హాట్‌స్పాట్ పెడ్త, నువ్వు దాంట్లకెళ్లి వాడుకో. నేనే మీ టవర్ అనుకోండ్రి. టవర్‌కు దూరం పోవద్దు, గంతే."

ఆ రోజు నుంచి నానమ్మా మనవరాలూ ఆయన వెనకే పది అడుగుల దూరంలో నడిచారు. ఇంటికి ఒక మాట చెప్పాలన్నా, దారి చూసుకోవాలన్నా ఆయనే దిక్కు. నౌషీన్ కొంచెం ముఖం ముడిచినా, బిస్మిల్లా బీ కాళ్ల నొప్పులని కాసేపు కూలబడినా ఆయనది ఒకటే మాట.

"ఆపేస్త చూడు. హాట్‌స్పాట్ ఆపేస్త. అప్పుడు తెలుస్తది మీకు."

కాబా చుట్టూ తిరిగేటప్పుడు కూడా ఆయన వెనక్కి నడిచాడు. చేతిలో కర్ర, కర్ర చివర ఫోన్. ముందు నడుస్తున్న ముసలివాళ్లను వీపుతో గుద్దుకుంటూ, "ఫ్రెండ్స్, మీ పేర్లు కామెంట్ల పెట్టుండ్రి, నేను దువా చేస్త" అని అరుస్తూ తిరిగాడు. ఎవరో ముసలాయన తూలి పడబోతే నౌషీన్ సిగ్గుతో కళ్లు మూసుకుంది. అందరూ ఏడుస్తున్న చోట తనకు వాంతి వస్తోందేమిటని భయపడింది కూడా.

బిస్మిల్లా బీ మాత్రం దేనికీ అడ్డు చెప్పలేదు. "పోనీ బేటీ. వానికి అదే ఖుషీ. నాకు కావల్సింది ఒక్కటే" అనేది.

ఆ ఒక్కటి ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె భర్త ఖాజామియా జెద్దాలో నీళ్ల ట్యాంకర్ నడుపుతూ అక్కడే చనిపోయాడు. అప్పటికి ఫజలుద్దీన్ ఉయ్యాలలో ఉన్నాడు, తండ్రి ముఖం ఎరగడు. శవం రావాలంటే నెలలు పడుతుందంటే, అక్కడే మట్టి చెయ్యమని బిస్మిల్లా బీ వేలిముద్ర వేసింది. ఆ వేలిముద్ర వేసినప్పటి నుంచి ఆమెకు ఆ మట్టిని ఒక్కసారి చూడాలని ఉంది. ఈ యాత్రకు ఒప్పుకున్నదీ అందుకే. బయలుదేరే ముందు కరీంనగర్‌లో కంటి ఆపరేషన్ చేయించుకున్నదీ అందుకే. "మసక కండ్లతోని పోయి ఏం జూస్త?" అని డాక్టరుతో తానే చెప్పుకుంది.

ఆయనను పూడ్చిన ఖబ్రస్తాన్ లోపలికి ఆడవాళ్లను రానివ్వరని ముందే తెలుసు. అందుకని ఇంటి దగ్గరే ఒక ఏర్పాటు అనుకున్నారు. ఖాజామియాను భుజాన మోసి మట్టిచేసిన స్నేహితుడు అర్ఫాత్ ఇప్పుడు బెల్లంపల్లిలో గనిపని చేసే కొడుకు క్వార్టర్‌లో ఉంటున్నాడు. ఫజలుద్దీన్ ఫోన్ పట్టుకుని లోపల నడవాలి. అర్ఫాత్ బెల్లంపల్లి నుంచి వీడియోకాల్‌లో చూస్తూ దారి చెప్పాలి. గేటు బయట నౌషీన్ ఫోన్‌లో అదే కాల్‌ను బిస్మిల్లా బీ చూడాలి.

"నోటితోని చెప్తే దొర్కదు ఫజలూ" అని అర్ఫాత్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "రాళ్లన్ని ఒక్కతీరుగ ఉంటయి. ఎడమచేతి గోడ పొంటి పోతే మూలకు నీళ్ల నల్లా ఉంటది. నువ్వు నల్లా దాకా పో. ఆడ నిలబడి నాకు ఫోన్ల చూపియ్యి. ఆన్నుంచి నేను కండ్లు మూసుకొని చెప్త."

"ఫికర్ చెయ్యకు చాచా. లైవ్‌ల చూపిస్త" అన్నాడు ఫజలుద్దీన్.

చివరి రోజు వచ్చింది. రాత్రి జెద్దా నుంచి తిరుగు విమానం. యాత్ర నడిపే పెద్దమనిషి మధ్యాహ్నమే జెద్దాలో దింపి, పొద్దుగూకే లోపల ఏర్‌పోర్టులో ఉండాలని చెప్పి వదిలాడు. ముగ్గురూ టాక్సీ ఎక్కారు. అర్ఫాత్ పంపిన గుర్తును ఫజలుద్దీన్ మ్యాప్‌లో పెట్టి, "నేను చెప్పినట్టు తోలు" అని డ్రైవర్‌కు చెప్పాడు. పావుగంట దారి అని చూపించింది.

రెండు మలుపులు తిరిగారో లేదో వీడియోకాల్ వచ్చింది. హుస్నాబాద్ నుంచి సాగర్, పక్క దుకాణపువాడు.

"అన్నా, జెద్దా ఎట్లుందే? జర చూపియ్యరాదు!"

"చూడు తమ్మీ, చూడు. ఇగో, ఫ్లైఓవర్ చూడు." ఫజలుద్దీన్ ఫోన్‌ను కిటికీలోంచి బయటికి పెట్టాడు. మ్యాప్ ఎటో పోయింది. సాగర్ తర్వాత ఇంకెవరో, ఆ తర్వాత ఏకంగా దుకాణం పేజీలో అందరికీ లైవ్. మలుపు దాటిపోయింది. డ్రైవర్ ఎటు అని అడిగితే ముందుకు అని చెయ్యి ఊపాడు. చివరికి కారు సముద్రం ఒడ్డున తేలింది.

"అరె, మంచిగయ్యింది! సముద్రం గూడ చూపిద్దాం" అని దిగాడు.

బిస్మిల్లా బీ కారులోంచి సముద్రం వంక చూడను కూడా చూడలేదు. "ఫజలూ, పొద్దు పోతుంది బేటా."

"రెండు నిమిషాలు అమ్మీ!"

నౌషీన్ చేతికి ఫోన్ ఇచ్చి, తాను గట్టు మీద నల్లద్దాలు పెట్టుకుని నిలబడ్డాడు. జిడ్డుకు ఫోన్ ఆమె చేతిలో జారింది. నిన్నటి కూర వాసన. రెండు వేళ్ల కొసలతో పట్టుకుని తీస్తుంటే అద్దం పైన ఒక సందేశం కనిపించింది. ప్యాక్‌లో తొంభై శాతం అయిపోయిందట.

"చాచా... నెట్టు అయిపోతున్నదట." ఆమె మాట సముద్రపు గాలిలో సగం కొట్టుకుపోయింది.

"ఏందీ?"

"నెట్టు. తొంభై శాతం..."

"గవి అట్లనే భయపెడ్తయి తియ్యి. దినాం నూరు మందికి రీచార్జ్ చేసేటోన్ని, నాకే చెప్తవా ఊరిబడి పిల్లా? కెమెరా సక్కగ పట్టు, ఆపేస్త లేకుంటె."

ఖబ్రస్తాన్ చేరేసరికి నీడలు సాగాయి. ఎత్తైన గోడ, ఊచల గేటు. కావలి ముసలాయన ఉర్దూలో, సాయంత్రపు అసర్ నమాజుకు అజాన్ కాగానే తాళం వేస్తానని చెప్పాడు. బిస్మిల్లా బీ గేటు పక్కన గోడకు వీపు ఆనించి, కొంగుతో కళ్లు తుడుచుకుని, నౌషీన్ చేతిలోని ఫోన్ వైపు వంగింది. ఆపరేషన్ చేసిన కంటిని పెద్దది చేసి చూస్తోంది.

కాల్ కలిసింది. బనీనుతో కూర్చున్న అర్ఫాత్ కనిపించాడు. "వదినా, సలాం! గేటు రంగు మార్చిండ్రు గదా! ఫజలూ, లోపటికి..."

అంతే. అర్ఫాత్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. నోరు మీద ఒక తెల్లటి చక్రం తిరగసాగింది.

ఫజలుద్దీన్ ఫోన్‌ను గాలిలో ఊపాడు. ఆపి మళ్లీ వెలిగించాడు. గోడ ఎక్కినంత పని చేశాడు. ప్యాక్ పూర్తిగా అయిపోయింది. మళ్లీ వేయించుకోవాలంటే నెట్టు ఉండాలి, నెట్టు రావాలంటే ప్యాక్ వేయించుకోవాలి. అది ఒట్టి నెట్టు ప్యాక్, మామూలు కాల్ కూడా పోదు. హుస్నాబాద్ సగానికి రీచార్జ్ చేసే మనిషి తన ఫోన్ ముందు నోరు వెళ్లబెట్టి నిలబడ్డాడు. టాక్సీ ఎప్పుడో వెళ్లిపోయింది. కావలి ముసలాయన దగ్గర ఉన్నది బటన్ల ఫోన్.

"పరేషాన్ గాకు అమ్మీ" అన్నాడు చివరికి. "లోపల వీడియో తీసుకొస్త. బయటికి వచ్చినంక చూస్తువు గని."

"నల్లా దాకా పో కొడుకా. నల్లాకాడికెళ్లి రెండు వరుసలు తియ్యి. దాంట్లనే ఏడనో ఒక తాన ఉంటడు మీ అబ్బా."

"పోత పోత."

ఆయన లోపలికి నడిచాడు. నౌషీన్ ఊచలకు ముఖం ఆనించి చూసింది. ఎడమచేతి గోడ చాలా దూరం పోయింది. ఆ చివర మూల ఎండలో తెల్లగా మెరుస్తోంది. ఫజలుద్దీన్ ఆ గోడ వైపు ఒకసారి చూశాడు. ఎండ వైపు చూశాడు. పట్టుమని ఇరవై అడుగులైనా వెయ్యకుండా, గేటు ఎదురుగా ఉన్న మొదటి వరుసలోనే ఒక రాయి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

కర్ర పొడవు చేశాడు. జుట్టు సరిచేసుకున్నాడు. ఫోన్‌లో తన ముఖాన్ని చూసుకుంటూ ఏడవడం మొదలుపెట్టాడు. భుజాలు కదిలేలా, చేతిరుమాలు కళ్లకు అద్దుకుంటూ ఏడ్చాడు. తర్వాత ఆపి, తీసింది చూసుకున్నాడు. నచ్చలేదేమో, తల అడ్డంగా ఊపాడు. కొంచెం పక్కకు జరిగి, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుని, మళ్లీ ఏడ్చాడు.

నౌషీన్ నోట్లో చేదు నీళ్లు ఊరాయి. మింగలేక, ఆ చోట ఉమ్మలేక దుపట్టా కొంగును నోటికి అడ్డం పెట్టుకుంది.

"నల్లా దాకా పోయిండా బేటీ?" వెనక నుంచి బిస్మిల్లా బీ అడిగింది.

నౌషీన్ నోరు తెరిచింది. అంతలో అజాన్ వినిపించింది. కావలి ముసలాయన తాళం చేతిలోకి తీసుకుని పిలిస్తే ఫజలుద్దీన్ బయటికి వచ్చాడు. కళ్లు నిజంగానే ఎర్రగా ఉన్నాయి.

"దొరికింది అమ్మీ! చూడు."

బిస్మిల్లా బీ ఫోన్‌ను రెండు చేతులతో అందుకుంది. జిడ్డద్దాన్ని కొంగుతో శుభ్రంగా తుడిచింది. కంటికి దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. వీడియో అయిపోతే మళ్లీ పెట్టమంది. మూడోసారి కూడా చూసింది.

"అంత నీ మొఖమే ఉన్నది గద కొడుకా. మీ అబ్బా ఏడి?"

"వెనక ఉంది చూడు, రాయి. నా చెవు పక్కన."

ఆమె ఆ చెవి పక్కన వేలుపెట్టి వెతికింది. ఫజలుద్దీన్ చెవికీ భుజానికీ మధ్య అరచేతి వెడల్పు మట్టి, ఒక రాతి కొస. నల్లా లేదు, గోడ లేదు. బిస్మిల్లా బీ ఫోన్‌ను కొడుకు చేతిలో పెట్టింది. తాళం పడిన గేటు వైపు తిరిగి, ఎటు వైపు చెప్పాలో తెలియక, మొత్తం గోడకంతా సలాం చెప్పింది.

ఏర్‌పోర్టులో ఊరికే దొరికే వైఫై ఉంది. అది కలవగానే ఫజలుద్దీన్‌లో ప్రాణం లేచొచ్చింది. ఏడ్చిన వీడియో పేజీలో పెట్టాడు, అమ్మకు నాన్న సమాధి చూపించిన కొడుకు అని రాసి. హుస్నాబాద్ నుంచి ఎర్ర గుండెలు వరుసగా ఎగిరివచ్చాయి. ఆయన ఒక చేత్తో వేయించిన కోడికాలు కొరుకుతూ, రెండో చేతి బొటనవేలితో వాటిని పైకి నెడుతూ కూర్చున్నాడు. కాసేపటికి అదీ చాలక లైవ్ మొదలుపెట్టి, ఫోన్‌ను తల్లి ముఖం మీదికి తిప్పాడు.

"ఫ్రెండ్స్, మా అమ్మీ నోటితోనే ఇనుండ్రి. చెప్పు అమ్మీ, అబ్బాను చూసినవు గదా? దిల్ ఠండా అయ్యిందా?"

బిస్మిల్లా బీ ఫోన్ వంక చూసింది. కొడుకు వంక చూసింది. పదిమందిలో కొడుకు పరువు తియ్యలేని తల్లి, తల వంచుకుంది. ఆ వంగిన తలను ఫోన్ ఇంకా దగ్గరికి జరిగి చూపిస్తోంది.

నౌషీన్‌కు తాను ఎప్పుడు లేచిందో తెలియలేదు. అరచేయి వెళ్లి కెమెరాను మూసేసింది.

"దాదీ చూడలే." గొంతు పెద్దగానే వచ్చింది. "ఏం చూడలే. చాచా నల్లా దాకా పోనే పోలే. గేటు కాడనే కూసుండి రెండుసార్లు ఏడ్చిండు. ఒకసారి మంచిగ రాలేదని ఇంకోసారి ఏడ్చిండు."

పక్క కుర్చీల్లోని యాత్రికులంతా తలలు తిప్పారు. ఫోన్‌లో సాగర్ కామెంట్ ఒకటి, "అన్నా, ఎవరే మాట్లాడుతున్నది?" అని వచ్చింది.

ఫజలుద్దీన్ ముఖం నల్లబడింది. "చెయ్యి తియ్యవే! లైవ్‌ల ఉన్న!"

నౌషీన్ చెయ్యి తియ్యలేదు.

అప్పుడు బిస్మిల్లా బీ నెమ్మదిగా అంది. "వారం రోజులు ఆపేస్త ఆపేస్త అని మమ్ముల బెదిరిస్తివి గద కొడుకా. ఇప్పుడు ఆపెయ్."

ఆయన ఆపలేదు. లేచి, ఫోన్ లాక్కుని, నెట్టు సరిగా లేదు ఫ్రెండ్స్ అని చెప్పుకుంటూ అవతలి వరుసలోకి పోయి కూర్చున్నాడు.

నౌషీన్ తన అరచేయి చూసుకుంది. కోడికాలి నూనె, మధ్యలో గుండ్రంగా కెమెరా అచ్చు. ఆడవాళ్ల బాత్రూంకు వెళ్లి నల్లా కింద చెయ్యి పెట్టింది. సబ్బు వేసి రుద్దింది, కడిగింది, వాసన చూసుకుంది. మళ్లీ సబ్బు వేసింది. వెనకే వచ్చిన బిస్మిల్లా బీ కాసేపు నిలబడి చూసి, తన కొంగు అంచు ఆమె చేతికి అందించింది.

"పోలేదా బేటీ?"

"పోలే దాదీ" అని నౌషీన్ మళ్లీ నల్లా తిప్పింది.