అడిగితేనే చెప్పాలి

"చీటీలు అయ్యాయా?"

స్నానాల గదిలోంచి మా ఆయన కేక. నేను ఆయన తెల్లచొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతున్నాను. పక్కనే భోజనాల బల్ల మీద చీటీలు వరసగా పేర్చి ఉన్నాయి.

"అయ్యాయి. నలభై."

నలభై కాదు. నలభై ఒకటి. ఆ ఒక్కటీ ఇంకా నా హ్యాండ్‌బ్యాగులో ఉంది.

మా ఇల్లు రెండు ప్రశ్నల మీద నడుస్తుంది. ఎక్కడ, అయిందా. సాక్సులెక్కడ, అద్దాలెక్కడ, మాత్రలెక్కడ. వంట అయిందా, ఇస్త్రీ అయిందా, చీటీలు అయ్యాయా. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు నిండాయి, అది కూడా ఈ రెండే నేర్చుకుంది. ప్రశ్నలు నాకు కొత్త కాదు. నా ఉద్యోగమే ప్రశ్నలతో. శాసనసభలో సభ్యులు మా శాఖ మంత్రిగారిని ఏదన్నా అడిగితే, దానికి జవాబు రాసి పంపే సెక్షన్ నాది. అసలు ప్రశ్న ముందే వస్తుంది కాబట్టి దాని జవాబు అచ్చువేసి సభలో పంచుతారు. గండం తర్వాతే. జవాబు విన్న సభ్యులు లేచి అక్కడికక్కడే అనుబంధ ప్రశ్నలు వేస్తారు. వాళ్లు ఏమడుగుతారో ముందే ఊహించి ఒక్కో ప్రశ్నకి ఒక్కో చీటీ రాయాలి. పైన ప్రశ్న, కింద జవాబు. అధికారుల గ్యాలరీలో కూర్చున్న మా ఆయన సరైన చీటీ లాగి మంత్రిగారికి అందిస్తాడు. అందరూ ఆయన చురుకుదనాన్ని మెచ్చుకుంటారు. మా ఆయన అదే శాఖలో డిప్యూటీ సెక్రటరీ. నా పై అధికారి. చీటీల మీద ప్రశ్న వరకే చదువుతాడు. జవాబు చదవాల్సిన అవసరం, నేను ఈ సెక్షన్లోకి వచ్చిన పన్నెండేళ్లలో ఎప్పుడూ రాలేదు.

"మావాడికి పెళ్లాం దొరికిందా, గుమాస్తా దొరికిందా?" అని మా అత్తగారు వచ్చినవాళ్లందరి ముందూ నవ్వుతుంది. ఆవిడ దృష్టిలో అది నాకిచ్చే బిరుదు.

ఈసారి ప్రశ్న వేసింది టీచరమ్మ. ప్రతిపక్షంలో వెనకవరస సభ్యురాలు. ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పేదట, అందుకని సెక్షన్లో ఆమెకి ఆ పేరు పెట్టాం. ఆమెను నేను టీవీలో తప్ప చూడలేదు. కానీ ఆరేళ్లుగా ఆమె ప్రశ్నలు చదువుతున్నాను. ఆమె ఎలా మొదలుపెడుతుందో, ఎక్కడ గొంతు తగ్గిస్తుందో నాకు తెలుసు. ముందు పెద్ద లెక్కలు అడుగుతుంది. చివరికి వేలు ఒకటి ఎత్తి, ఒక్కరి గురించి అడుగుతుంది. నవ్వుతారేమో గానీ, రోజు మొత్తమ్మీద నేను ఎవరితోనన్నా మాట్లాడానూ అంటే అది ఆమె ప్రశ్నలతోనే. కాగితం మీద ఆమె "కారణమేమి?" అని రాస్తే, నన్నే కూర్చోబెట్టి అడిగినట్టుంటుంది.

ఈసారి ప్రశ్న ఇదీ. అ) ప్రసూతి సెలవులో ఉన్న కారణంగా పదోన్నతి కోల్పోయిన ఉద్యోగినులు శాఖలో ఉన్నారా? ఆ) ఉన్నచో, ఎందరు? ఇ) వారికి న్యాయం చేయుటకు తీసుకున్న చర్యలేవి?

చదివి చాలాసేపు కాగితం కింద పెట్టలేకపోయాను.

నేనూ మా ఆయనా ఒకే పరీక్ష రాసి ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. ర్యాంకుల్లో నేను ఆయనకంటే మూడు మెట్లు పైన. పాప పుట్టిన రెండో నెలలో పదోన్నతుల కమిటీ కూర్చుంది. నా పేరు పక్కన "అందుబాటులో లేరు" అని రాసి ఆయన పేరు కింద గీత గీశారు. ఆ సాయంత్రం ఆయన మిఠాయి డబ్బాతో వచ్చాడు. నేను పాపకి పాలిస్తున్నాను. "మొహం అలా పెడతావేంటోయ్? నీకొస్తే ఏంటి, నాకొస్తే ఏంటి? ఇంట్లోకే కదా వచ్చింది!" అన్నాడు. ఇంట్లోకే వచ్చింది. పద్నాలుగేళ్లుగా ఇంట్లోనే ఉంది. దాని చొక్కా నేనే ఇస్త్రీ చేస్తున్నాను.

నాలాంటి వాళ్లు ఇంకో పదిమంది ఉన్నారు. వాళ్లు ఫిర్యాదులు పెట్టారు. ఆ పది కాగితాలూ నా బీరువాలోనే ఉన్నాయి. నేను పెట్టలేదు. ఎవరి మీద పెట్టను?

జవాబు ఉన్నదున్నట్టు రాశాను. "ఉన్నారండి." ఆయన ఎర్రసిరాతో కొట్టేశాడు. అ) లేరండి. ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు. ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

"పది ఫిర్యాదులున్నాయండీ," అన్నాను.

"ఉండనీ. బీరువాలోనేగా ఉన్నాయి, తిండి పెట్టమంటున్నాయా? పాత జాబితాలు తిరగదోడితే ఎన్ని కుర్చీలు కదులుతాయో తెలుసా నీకు?"

తెలుసు. అందులో ఒకటి ఆయన కూర్చున్నదే. ఆ సంగతి ఆయనకి గుర్తున్నట్టు కూడా లేదు. నాకు ఎక్కువ బాధ కలిగింది అక్కడే. దాచిపెట్టినవాడి మొహంలో ఎక్కడో ఒక బెదురుంటుంది. ఆయన మొహంలో ఏమీ లేదు.

ఆయన స్నానం ముగించి వచ్చి, చొక్కా వేసుకుని, చీటీలు లెక్కపెట్టి, వాటికి రబ్బరుబ్యాండు చుట్టాడు. "ఈసారి బ్రాకెట్లు లేవు కదా?"

"లేవు," అన్నాను.

బ్రాకెట్ల కథ ఒకటుంది. సభ్యుల చేతికి ఆధారం చిక్కిందేమోనని అనుమానం ఉన్నచోట, మంత్రిగారి జాగ్రత్త కోసం అసలు నిజం కూడా ఒక చీటీ మీద రాసి, కింద బ్రాకెట్లో "అడిగితేనే చెప్పాలి" అని పెట్టడం మా సెక్షన్ అలవాటు. మంత్రిగారికేమో చేతిలో పెట్టింది పెట్టినట్టు చదివే అలవాటు. పోయిన సమావేశాల్లో నేను ఒక పొడుగాటి జవాబు మధ్యలో "(ఇక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలి)" అని రాస్తే, దాన్నీ చదివి, నిజంగానే ఆగి, ఊపిరి తీసుకున్నారు. సభ పది నిమిషాలు నవ్వింది. ఆ రోజు నుంచి మా ఆయన ఆజ్ఞ: బ్రాకెట్లు వద్దు, చెప్పకూడనివి అసలు రాయొద్దు.

"నా అద్దాలెక్కడ?" అంటూ ఆయన లోపలికి వెళ్లాడు.

అద్దాలు టీవీ మీద ఉన్నాయి. చెప్పడానికి రెండు క్షణాలు పడుతుంది. నేను పది క్షణాలు తీసుకున్నాను. నలభై ఒకటో చీటీని రబ్బరుబ్యాండు కింద దూర్చి, "టీవీ మీద చూడండి," అన్నాను.

పదింటికి సెక్షన్లో టీవీ ముందు కూర్చున్నాను. అచ్చులో ఉన్న జవాబు మంత్రిగారు చదివారు. "లేరండి." అనుబంధ ప్రశ్నలు మొదలయ్యాయి. ఒకటి, రెండు, మూడు. మా ఆయన చెయ్యి మంత్రిగారి వెనక నుంచి తెరమీదికి వచ్చి పోతోంది. మణికట్టు మీద నేను కుట్టిన గుండీ. నాలుగోసారి టీచరమ్మ లేచింది. అద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. వేలు ఎత్తింది.

"అధ్యక్షా, ఎంతమందని అడగను. ఇంత పెద్ద శాఖలో, ఒక్కరంటే ఒక్కరు కూడా లేరా?"

నా చీటీ మీద పైన రాసిన ప్రశ్న అక్షరం పొల్లుపోకుండా అదే. మా ఆయన చెయ్యి మళ్లీ తెరమీదికి వచ్చింది. ఆ చెయ్యి అంత తడుముకోకుండా కదలడం చూసి ఒక్క క్షణం జాలేసింది. ఆపమని ఫోన్ చెయ్యొచ్చు. ఫోన్ నా ఒళ్లోనే ఉంది. ఉంచేశాను.

మంత్రిగారు గొంతు సవరించుకున్నారు. "అధ్యక్షా, పదకొండుమంది ఉన్నారు. ఫిర్యాదులు శాఖ బీరువాలో ఉన్నాయి. బ్రాకెట్లో... అడిగితేనే చెప్పాలి."

ముందు నవ్వులు. తర్వాత సభ మొత్తం లేచి నిలబడింది. టీచరమ్మ మాత్రం కూర్చుంది. పదకొండుమంది పేర్లూ రేపు పదింటికల్లా సభ ముందు పెట్టాలని అధ్యక్షుడు ఆదేశించాడు.

మధ్యాహ్నం ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు వాక్యాలు రాశాను. చివర నా పేరు రాసి సంతకం పెట్టాను. కింద తపాలా విభాగంలో ముద్ర వేసే ఆవిడ చదివి తలెత్తింది. "మేడమ్... మీక్కూడానా?" అంది. ముద్ర గట్టిగా వేసింది.

సాయంత్రం మా అత్తగారు గుమ్మంలోనే ఎదురొచ్చింది. "అమ్మాయ్, మావాడి చెయ్యి టీవీలో ఎన్నిసార్లు చూపించారో!"

ఆయన చీకటి పడకముందే వచ్చాడు. చెప్పులు విడవలేదు. నేను కూర తరుగుతున్నాను.

"బ్రాకెట్లు వద్దని చెప్పానా లేదా? మంత్రిగారు నా మొహం చూడట్లేదు. అది సరే, ఆ అంకె ఏంటి? ఫిర్యాదులు పదే. నేనే లెక్కపెట్టాను. పదకొండని ఎట్లా వేస్తావు? ఒక అంకె తిన్నగా వెయ్యడం కూడా రాదా నీకు? రేపు పొద్దున పది పేర్లే ఇస్తే నన్ను నిలబెట్టి తిడతారు!"

నేను తరగడం ఆపలేదు. ఆయన జేబులోంచి జాబితా తీసి బల్ల మీద పరిచాడు. పది పేర్లు, పక్కన వరస అంకెలు. పదకొండు అని రాసి, ఎదురుగా ఖాళీ వదిలాడు. ఆ ఖాళీకేసి చూశాడు. నాకేసి చూశాడు. మళ్లీ ఖాళీకేసి చూశాడు. ఏమీ తట్టలేదు ఆయనకి. నిజంగానే తట్టలేదు.

పెన్ను మూత తీశాడు. గొంతు కాస్త తగ్గించాడు.

"ఇంతకీ ఆ పదకొండో మనిషి ఎవరు?"

అందులో 'ఎక్కడ' లేదు. 'అయిందా' లేదు. కత్తి పక్కన పెట్టి, స్టౌ ఆపి, చేతులు తుడుచుకుని, హ్యాండ్‌బ్యాగులోంచి ముద్ర పడిన కాగితం తీసుకొచ్చాను. పద్నాలుగేళ్లలో మొదటిసారి, ఎదుటి కుర్చీ లాక్కుని, ఆయనకంటే ముందు నేను కూర్చున్నాను.

"అడిగారు కదా," అన్నాను. "ఇప్పుడు చెప్తాను."